దుర్వ్యసనములు - రాజాదాయము

ఇటీవల మా పాఠశాలలో పదవ తరగతివారికి ఉప్పు సత్యాగ్రహమును గూర్చి పాఠము చెప్పుచుంటిని. పేదవాని గంజిలో పడు ఉప్పుపై పన్ను వేయుట అన్యాయమని 1930 వ సంవత్సరమున గాంధిగారు దండికి నడచిరనియు, ఆ పన్ను 1947 లో రద్దయ్యెననియు చెప్పి, నేడు వేనివేనిపై పన్నులున్నవో చెప్పుడని పిల్లల నడిగితిని. ఒకడు పెట్రోలనెను. ఒకడు సినిమా టికెట్టనెను. వెనుక వరుసలోని బాలుడొకడు లేచి, "మాస్టారూ, మందు మీద కూడా పన్నుంటుందా?" అని యడిగెను. ఉండుననియు, తక్కిన వస్తువులకంటె చాల హెచ్చుగా నుండుననియు చెప్పితిని. వాడు కొంచెము సేపాలోచించి, "అయితే మా నాన్న రోజూ పన్ను కడుతున్నట్టేనా?" అనెను. తరగతి యంతయు నవ్వెను. వాడు నవ్వలేదు. నేనును నవ్వలేకపోతిని. నా నెలజీతములో వాని తండ్రి చెల్లించిన సొమ్ము కొంత కలదని నాకప్పుడు తోచెను. ఆ తలంపునే చరిత్రతో సరిచూచి చదువరుల ముందుంచుచున్నాను.

పన్ను లేని రాజ్యము లేదు. పంటలో ఆరవ భాగము రాజునకు చెల్లునని మనవారు చిరకాలము నుండి చెప్పుకొనుచు వచ్చిరి. మనుస్మృతి పశువులమీదను బంగారముమీదను ఏబదియవ వంతును, ధాన్యముమీద ఆరవ వంతుగాని, ఎనిమిదవ వంతుగాని, పండ్రెండవ వంతుగాని గ్రహింపవచ్చునన్నది. తరువాతి కాలమున తెలుగుదేశమున ఇంటికి ఇల్లరి, పచ్చికకు పుల్లరి, సరకులకు సుంకము, నేత మొదలగు వృత్తులకు మొహతర్ఫా యను పన్నులు వెలసినవి. 1857 నాటి తిరుగుబాటుతో బొక్కసము వట్టిపోగా, 1860 లో జేమ్సు విల్సను అను ఆర్థికమంత్రి ఆదాయపు పన్నును మన దేశమునకు తెచ్చెను.

ఈ పన్నుల మంచిచెడ్డలెట్లున్నను, వీనిలో ఒక గుణము కలదు. చెల్లించువాడు తాను చెల్లించుచున్నట్లెరుగును. భారము మితిమీరినపుడు నోరెత్తి యడుగగలడు. పురపాలక సంఘమును స్థాపించి పన్నులు పెంచినందులకు 1921 లో చీరాల పేరాల ప్రజలు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు విడిచి రామనగరమను పేర పాకలు వేసికొని నెలల తరబడి కాపురముండిరి. పుల్లరి కట్టమని పల్నాటివారు ఎదిరింపగా 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు ప్రాణములిచ్చెను. ఉప్పుపన్ను సంగతి చెప్పనేల? ఆ పన్నులు అడిగినవానికి జవాబు చెప్పవలసిన పన్నులు.

దుర్వ్యసనముపై పన్ను అట్టిది కాదు. త్రాగువాడు తన పన్ను హెచ్చినదని వీథికెక్కి మొరపెట్టలేడు. మొరపెట్టినను వినువారు నవ్వుదురు. వాని సిగ్గే ప్రభుత్వమునకు కావలి. కావుననే యీ పన్ను పాలకుల కందరకును ప్రియమైనది.

ఈ విషయమున మన పూర్వులు ఏకాభిప్రాయము కలవారు కారు. జూదమును కోడిపందెముల వంటి పందెములను రాజు తన రాజ్యమునుండి తొలగింపవలెనని మనువు శాసించెను. యాజ్ఞవల్క్యస్మృతి మరియొక త్రోవ పట్టినది. సభికుడు, అనగా జూదశాలను నడుపువాడు, గెలిచినవారి సొమ్ములో నూటికింత యని తీసికొని, అందుండి రాజభాగమును రాజునకు చెల్లింపవలెను. జూదమంతయు ఒకచోట జరిగినచో దొంగలను కనిపెట్టుట సులభమని దానికి కారణము చెప్పబడినది. మైసూరులో ఆర్. శామశాస్త్రిగారి కృషివలన 1909 లో అచ్చుపడిన కౌటిలీయార్థశాస్త్రము ఈ రెండవ త్రోవను ఇంకను విశాలము చేసినది. అందు సురాధ్యక్షుడు, ద్యూతాధ్యక్షుడు, గణికాధ్యక్షుడు అని వేరువేరు అధికారులు కలరు. మద్యశాలలు దగ్గరదగ్గరగా నుండరాదు. వానిలో పడకలు, ఆసనములు, గంధమాల్యములు, ఋతువునకు తగిన సౌఖ్యములు అమర్చవలెను. ఎవడు తన తాహతునకు మించి వ్యయము చేయుచున్నాడో గూఢచారులు గమనింపవలెను. మత్తులోనున్నవాని సొత్తు పోయినచో అంగడివాడు దానినిచ్చుకొని, అంత దండుగయు కట్టవలెను. వేశ్యావృత్తివారు నెలకు రెండు దినముల సంపాదనను చెల్లింపవలెను.

ఇందు రెండు ప్రయోజనములు కలిసి యున్నవి. ఒకటి అదుపు. రెండవది ఆదాయము. అంగళ్లు దూరముగా నుండవలెననుట అదుపు. అందు పూలును పడకలును అమర్చవలెననుట ఆదాయము. ఒకే అధికారి త్రాగువానిని తగ్గింపవలెను, రప్పింపవలెను! ఈ చిక్కు తరువాతి చరిత్రలో నెచ్చటను విడలేదు.

విజయనగర వైభవమును చూచిన పారసీక రాయబారి అబ్దుర్ రజాకు 1443 ప్రాంతమున ఆ నగరమునుగూర్చి వ్రాయుచు, నగరరక్షకులు పండ్రెండు వేలమంది యుండిరనియు, వారి దినజీతము పండ్రెండు వేల పణములు వేశ్యావాటికల రాబడినుండి యీయబడుచుండెననియు చెప్పినాడు. అంకెలలో అతిశయోక్తి యుండవచ్చును. ఏర్పాటులోని తత్త్వము మాత్రము స్పష్టము. నీతిని కాపాడవలసిన భటునికి కూడు పెట్టునది అవినీతి. వేశ్యావాటిక ఒకనాడు మూతపడినచో భటునకు ఆనాడు జీతము లేదు.

ఇది మన దేశపు దోషము మాత్రమే యని యెంచరాదు. మనలను తరువాత పాలించిన యింగ్లండు చరిత్రయు నిదియే. అచ్చటి రాజు మొదటి జేమ్సునకు పొగాకనిన పరమాసహ్యము. 1604 లో దానిని దూషించుచు తానే యొక గ్రంథము ప్రకటించి, ఆ సంవత్సరమే పౌనునకు రెండు పెన్సులుగా నున్న దిగుమతి సుంకమును ఆరు షిల్లింగుల పది పెన్సులకు పెంచెను. పొగత్రాగుట మాన్పింపవలెనని కదా యుద్దేశము? కొలది సంవత్సరములలోనే సుంకము తగ్గినది, రాబడి పెరిగినది. తుదకు 1619 లో ఇంగ్లండు నేలపై పొగాకు పండింపరాదని ఆ రాజే నిషేధించెను. పొగాకు చెడ్డదని కాదు, వర్జీనియానుండి వచ్చు పొగాకుపై సుంకమునకు లోటు రాకూడదని.

ఆ జాతివారే మన దేశమున ఆబ్కారీని నడపిరి. చెన్నరాజధానిలో చాలకాలము సారా కాచి యమ్ము హక్కును ప్రాంతములవారీగా వేలము వేయుచుండిరి. హెచ్చు పాడినవానికి హక్కు. వాడు తన పాటసొమ్మును రాబట్టుకొనవలెనన్నచో హెచ్చు సారా అమ్ముడుపోవలెను. ఈ విధముగా ప్రభుత్వము వేలము పాటతోనే త్రాగుడునకు ఒక ప్రచారకుని నియమించినట్లయ్యెను. 1886 నాటి మదరాసు ఆబ్కారీ చట్టము ఈ వ్యవస్థనంతను ఒక కట్టడికి తెచ్చినది. కల్లుచెట్లకు చెట్టుపన్ను విధించిరి. వాడకము కనిష్ఠముగాను, ఆదాయము గరిష్ఠముగాను ఉండుటయే తమ విధానమని ప్రభుత్వమువారు చెప్పుకొనిరి. రెండు గుఱ్ఱములను రెండు దిక్కులకు తోలువాడు ఏదో యొకదాని వెంట పోవలసియుండును. దొరతనమువారు దేని వెంట పోయిరో వారి బొక్కసపు లెక్కలే చెప్పును.

త్రాగువారు తిరుగబడరని పైన వ్రాసితిని. దానికొక మినహాయింపు కలదు. 1879 లో గోదావరి మన్యమున రంప తిరుగుబాటు పుట్టుటకు చిగురుపన్నును, ఇంటికొరకు కల్లు గీసికొనుటను నిషేధించి కల్లు హక్కును గుత్తదారులకిచ్చుటయు ముఖ్యకారణములు. కాని యాలోచించి చూడుడు. కొండవానికి జీలుగుకల్లు వ్యసనము కాదు. ఎండకాలమున అది వాని యాహారములో భాగము. ఉప్పువలె దానిని వాడు తన హక్కుగా నెంచెను. కనుకనే సిగ్గుపడక తిరుగబడెను.

ఇక ఉపాధ్యాయుడనైన నన్ను మిక్కిలి బాధించు ఘట్టము. 1919 నాటి సంస్కరణల చట్టము ననుసరించి 1921 నుండి రాష్ట్రములలో ద్వంద్వపాలన మొదలయ్యెను. విద్య మన మంత్రుల చేతికి వచ్చినది. దానితోపాటు ఆబ్కారీయు వచ్చినది. బడి పెట్టవలెనన్న డబ్బు కావలెను. డబ్బు కావలెనన్న కల్లుదుకాణము నడువవలెను. 1937 లో కాంగ్రెసు మంత్రివర్గములు ఏర్పడినపుడు గాంధిగారు ఈ బంధమును క్రూరమైన పరిహాసముగా భావించి, మద్యపు సొమ్ముపై ఆధారపడని చదువు కావలెనని చేతిపనితో తన ఖర్చును తానే భరించుకొను విద్యాపద్ధతిని సూచించిరి. ఆ సంవత్సరము వార్ధాలో పుట్టిన మూలవిద్యా ప్రణాళికకు ఇదియు నొక కారణమని నేటి ఉపాధ్యాయులలో నెందరెరుగుదురు?

ఆ సంవత్సరమే చెన్నరాజధానిలో ప్రధానియైన రాజగోపాలాచారిగారు అక్టోబరు 1 న సేలము జిల్లాలో మద్యనిషేధమును ప్రారంభించిరి. 1938 లో మన చిత్తూరు కడప జిల్లాలకును, 1939 లో ఉత్తరార్కాటునకును అది వ్యాపించెను. పోయిన రాబడిని పూడ్చుటకు ఆయన 1939 లో సామాన్య విక్రయపు పన్నును తెచ్చిరి. వస్తువులన్నిటి అమ్మకముపై ఇట్టి పన్ను దేశమున నదియే మొదటిది. ఆయన వాదము సూటియైనది. త్రాగువాని భార్యాబిడ్డల కడుపుకోతనుండి వచ్చు సొమ్మును మానవలెనన్నచో, ఆ లోటును అందరము కలిసి కొంచెము కొంచెముగా భరింపవలెను. వర్తకులు గోలపెట్టిరి. అయినను ఈ చరిత్రయంతటిలో ప్రజలయెదుట తక్కెడను దాచక నిలువబెట్టిన పాలకుడు ఆయన యని నా యభిప్రాయము.

తరువాత జరిగినది వినుడు. కాంగ్రెసు మంత్రివర్గము 1939 లోనే దిగిపోయెను. యుద్ధకాలమున 1944 లో నిషేధమును నిలిపివేసిరి. విక్రయపు పన్నును మాత్రము నిలిపివేయలేదు. మద్యమును మాన్పుటకై పుట్టిన పన్నును, మద్యపు పన్నును రెండును ఒకే బొక్కసమున పడినవి. 1948 నాటికి నిషేధము చెన్నరాష్ట్రమంతటను మరల వచ్చినది. 1953 లో ఏర్పడిన ఆంధ్రరాష్ట్రమునకు అది వారసత్వముగా సంక్రమించినది. కొత్త రాష్ట్రమునకు రాబడి తక్కువ, దొంగసారా హెచ్చు, గీతపనివారు జీవనము పోయి కేసుల పాలగుచుండిరి. వారి పక్షమున గౌతు లచ్చన్నగారు పోరాడిరి. నిషేధమును తొలగింపవచ్చునని రామమూర్తి సంఘము సూచించెను. ఈ వివాదముమీదనే 1954 నవంబరులో ప్రకాశము పంతులుగారి మంత్రివర్గము ఒక్క వోటు తేడాతో పడిపోయెను. మద్యమును నిషేధించుట యెంత కష్టమో, ఒక వృత్తినే నమ్ముకొన్నవారికి వేరు దారి చూపక నిషేధించుట యెంత అన్యాయమో ఆనాటి చరిత్ర చెప్పుచున్నది.

కాలక్రమమున నిషేధము సడలిపోయినది. 1980 తరువాతి దశకమున మన రాష్ట్రమున సారాను పొట్లములలో నింపి పల్లెపల్లెకు చేర్చు 'వారుణి వాహిని' వచ్చినది. 1986 లో మద్యపు టోకు వర్తకమునకు ప్రభుత్వమే సంస్థను స్థాపించెను. 1970-71 లో 39 కోట్ల రూపాయలుగా నున్న ఆబ్కారీ రాబడి 1991-92 నాటికి 812 కోట్లకు పెరిగినది. ఒక చేత కిలో రెండు రూపాయల బియ్యము, ఒక చేత సారా పొట్లము. మొదటిదానికి రెండవది మూలధనము.

ఇంతకాలము మూగయై యున్న యీ పన్నునకు నోరు వచ్చినది నెల్లూరు జిల్లాలో. అక్షరాస్యతా కార్యక్రమమున వయోజన స్త్రీలకు చెప్పిన వాచకములో త్రాగుబోతు భర్తవలన బాధపడిన సీతమ్మ కథ యొకటి యుండెను. దూబగుంట స్త్రీలు దానిని చదివిరి. అది తమ కథయే యని గ్రహించిరి. రోశమ్మ మొదలగువారు ముందు నడువగా 1992 లో సారా దుకాణమును మూయించిరి. ఊరూరను స్త్రీలు లేచిరి. వేలము పాటలు ఆగినవి. 1993 లో రాష్ట్రమంతట సారా నిషేధింపబడెను; 1995 జనవరి 16 నుండి సంపూర్ణ మద్యనిషేధము అమలులోనికి వచ్చినది.

చదువరులు ఇచ్చట కొంచెము నిలువవలెను. త్రాగువాడు పన్ను కట్టుననుట వట్టిమాట. ధర పెరిగినపుడు వ్యసనపరుడు త్రాగుట మానడు. బియ్యము తగ్గించును, పిల్లవాని పుస్తకము మానును, భార్య మెడలోని పుస్తెను తాకట్టు పెట్టును. పన్ను కట్టునది వంటయిల్లు. అసలు చెల్లింపుదారు ఎవరో నెల్లూరు స్త్రీలు బయటపెట్టిరి. త్రాగువానికి సిగ్గు కలదు, వాని భార్యకు సిగ్గుపడవలసిన పనిలేదు. ఆమెకు చదువు వచ్చినపుడు ఆమె అడిగినది. మద్యపు సొమ్ముతో నడచిన చదువే మద్యముపై తిరుగబడినది! ఉపాధ్యాయులకు ఇంతకంటె గౌరవము లేదు.

కాని 1997 లో నిషేధము సడలింపబడెను. సారా మాత్రము మరల రాలేదు గాని తక్కిన మద్యము వచ్చినది. పొరుగు రాష్ట్రములనుండి దొంగరవాణా, రాబడి లోటు కారణములుగా చెప్పబడినవి. 2017 లో వస్తుసేవల పన్ను దేశమంతటను వచ్చినపుడు రాష్ట్రములు త్రాగు మద్యమును దాని పరిధిలో చేరనీయలేదు. తమ చేతిలో మిగిలిన కొలది ఆదాయమార్గములలో నది యొకటి. 2020 లో మహమ్మారి వలన మూతపడిన మద్యపు దుకాణములు మే నెలలో తెరువగానే ఆంధ్రప్రదేశమున ధరలను రెండు దినములలో నూటికి డెబ్బదియైదు వంతున పెంచిరి. అయినను వరుసలు తగ్గలేదు. విశాఖ జిల్లాలో ఆ వరుసలను సరిదిద్దుటకు కొందరు ఉపాధ్యాయులను నియమించిరని వార్తలు వచ్చినవి. ద్వంద్వపాలన నాటి బంధము కంటికి కనబడునట్లు వీథిలోనికి వచ్చినది.

జూదము సంగతియు నిట్లే. సొమ్ము పెట్టి ఆన్‌లైనులో ఆడు ఆటలపై 2023 లో నూటికి ఇరువదియెనిమిది వంతున పన్ను స్థిరపరచిరి. 2025 లో ఆ ఆటలనే నిషేధించుచు చట్టము చేసిరి. రెండేండ్లలో యాజ్ఞవల్క్యుని విడిచి మనువును చేరినట్లయినది.

అయితే దుర్వ్యసనములపై పన్ను ఉండనే కూడదా యని మీరడుగవచ్చును. ఉండవలెను. పన్ను తీసివేసినచో మద్యము చౌకయగును. అది మరింత కీడు. పొగాకు వంటివానిపై ధర హెచ్చినచో, అలవాటు పడిన పెద్దవారికంటె కొత్తగా మొదలిడు పడుచువారు వెనుకాడుదురని అనేక దేశముల యనుభవము. వట్టి నిషేధము దొంగసారాకు దారి యగునని మన యనుభవము. పన్ను మంచిదా చెడ్డదా యని తెలిసికొనుటకు నాకొక్కటే పరీక్ష కనబడుచున్నది. ఆ రాబడి తగ్గిన సంవత్సరమున ప్రభుత్వము సంతోషించునా, విచారించునా? సంతోషించినచో అది మందు. విచారించినచో వ్యసనము ప్రజలను విడిచి ప్రభుత్వమును పట్టినదన్నమాట.

ఈ నేరము పాలకులది మాత్రమే కాదు. త్రాగని గృహస్థులమైన మనకును ఇందు భాగము కలదు. "త్రాగేవాళ్లు కట్టుకుంటారులే" యని మనము నిశ్చింతగా నున్నాము. ఇంటిపన్ను పెరిగినచో వార్తాపత్రికకు జాబు వ్రాయుదుము. మద్యపు రాబడి పెరిగినదని చదివినచో పుట త్రిప్పుదుము. మన రోడ్డు, మన యాసుపత్రి, మన పింఛను, నా జీతము, వీనిలో మనము కట్టవలసిన భాగమును ఒక కూలివాని భార్య కట్టుచున్నది. ఈ భారమును మనము పంచుకొనుటకు సిద్ధపడనంతకాలము ఏ మంత్రియు దుకాణమును మూయలేడు; మూసినను తెరువక తప్పదు. మద్యముపై వచ్చు రాబడిని జీతములకును పథకములకును వాడక, త్రాగుడు మాన్పించు చికిత్సకును, గీతపనివారి వంటివారికి వేరు జీవనము చూపుటకును ప్రత్యేకింపుడని అడుగుట మొదటి మెట్టు. దానివలన కలుగు లోటుకు మనవంతు పన్ను మనము బాహాటముగా చెల్లింతుమనుట రెండవ మెట్టు. మొదటిది చెప్పువారు పెక్కుమంది. రెండవది చెప్పువారు కావలెను.

మరునాడు ఆ బాలుని పిలిచి, "నిన్న నీవడిగినదానికి జవాబు పూర్తిగా చెప్పలేదు. ఆ పన్ను కట్టేది మీ నాన్న కాదు, మీ అమ్మా నువ్వూను" అంటిని. వాడు తల యూపి, "నాకు తెలుసు మాస్టారూ" అని తన చోటికి పోయి కూర్చుండెను.